ఎడమవైపు సీటు

అయినా ఆ చప్పుడు నిజంగా కారుదేనా, తన చెవుల్లోదా? రెండేళ్ళయినా గీతాంజలికి ఆ అనుమానం తీరలేదు. పాత కారులో బ్రేకు తొక్కినప్పుడల్లా ఇనుము గీరుకుంటున్న చప్పుడు వస్తోందని ఆమె వారం రోజులు చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు భర్త ఈశ్వరప్రసాద్ పాట సౌండు తగ్గించి విన్నాడు. మర్నాడు తగ్గించకుండానే "ఏం లేదే" అన్నాడు. ఆ తర్వాత "నీ చెవుల్లోనే మోగుతోంది గీతా, డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. వెనక సీట్లో అత్తగారు రత్నాంబ కిసుక్కున నవ్వింది. చివరికి నారాయణపురం దగ్గర కారు కల్వర్టు గోడకి గుద్దుకుంది. ఆయనకి చిన్న గాటు కూడా పడలేదు. ఎడమవైపు కూర్చున్న గీతాంజలికి మణికట్టు విరిగింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పింది ఒకటే మాట: "గేదె అడ్డమొచ్చిందండీ." గేదె వచ్చిన మాట నిజమే. కానీ గేదెకి చాలా ముందునుంచీ ఆ చప్పుడు ఉంది. కట్టు విప్పేనాటికి ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మెల్లగా అది తనకు గుర్తుందో, తర్వాత తానే కల్పించుకుందో ఆమెకూ తెలియకుండా పోయింది. చుట్టూ అందరూ లేదన్న దాన్ని మనసు ఎన్నాళ్ళని ఒంటరిగా మోస్తుంది?

అందుకే కేబుల్ కొంది. ఒక కొస స్టీరింగు కింది ప్లగ్గులో, రెండో కొస లాప్‌టాప్‌లో పెడితే కారు తన జబ్బులు తానే చెబుతుంది. తాడేపల్లిగూడెం నుంచి వట్లూరులో తాను ఫిజిక్స్ చెప్పే కాలేజీకి వెళ్ళే రైల్లో కూర్చుని, వీడియోలు చూసి నేర్చుకుంది. వంట, టిఫిను డబ్బాలు, అత్తగారి మాత్రలు, అన్నీ అయ్యాక ఆమెకంటూ మిగిలే సమయం ఆ రైల్లోదే. పార్శిలు విప్పుతుంటే రత్నాంబ "ఏవిటే అది, మిక్సీ వైరా?" అంది. "నీ కోడలు ఇకనుంచీ కార్లకి స్కానింగు తీస్తుందటమ్మా" అన్నాడు ఈశ్వరప్రసాద్. ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. ఉప్మాలో ఉప్పు ఎక్కువైతే "పొయ్యికి కేబుల్ పెట్టి చూడకపోయావా?" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఏమంటారోనని నవ్వడం ఎప్పుడో అలవాటైంది. ఇప్పుడు ఏది తన నవ్వో, ఏది కాదో వేరుచేసి చూసుకోవడం కష్టం.

"నిద్రపోతున్నావా ఏంటి? నిమ్మకాయలు పెట్టు" అన్నాడు ఈశ్వరప్రసాద్.

కొల్లేటికోటలో జోగారావు ఇంటి ముందు, చేపల చెరువు గట్టు పక్కన తెల్లకారు నిలబడి ఉంది. దాన్ని చూడ్డానికే వచ్చారు. నచ్చితే పెద్దింట్లమ్మ గుడి దగ్గర పూజ చేయించి అటునుంచి అటే తీసుకెళ్ళాలని ఆయన ఆలోచన. రత్నాంబ పొద్దున్నే ముహూర్తం చెప్పి, "నిమ్మకాయలు కోడలి చేత్తోనే పెట్టించు. ఒకసారి పెట్టాక తియ్యకూడదు, అరిష్టం" అని రెండుసార్లు హెచ్చరించింది. ముహూర్తం ఎక్కడ దాటిపోతుందోనని ఈశ్వరప్రసాద్ కారు తలుపైనా తియ్యకముందే ఆమె చేతికి నిమ్మకాయలిచ్చాడు. చూడ్డానికి వచ్చిన కారుకి కొన్న కారు మర్యాదలు జరిగిపోయాయి. ముందు చక్రాలకి చెరొకటి పెట్టి, చేతులు దులుపుకుని, ఆమె లాప్‌టాప్ సంచీ తీసింది.

"స్కానింగు మొదలు" అన్నాడు ఆయన.

జోగారావు మర్యాదస్తుడు. "చూసుకోనివ్వండి, మేడంగారు చదువుకున్నోరు" అంటూ తలుపు తీశాడు. డ్రైవరు సీట్లో కూర్చుని ఆమె తాళం తిప్పింది. డాష్‌బోర్డు మీద ఎర్రవి, పసుపువి బొమ్మలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. ఆరిపోయాక ఏదో లోటుగా అనిపించింది. మళ్ళీ తిప్పింది.

"ఏవండీ, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగలేదు."

"వెలక్కపోతే మంచిదేగా! వెలిగితే భయపడాలి."

"కాదండీ. తాళం తిప్పగానే అన్నీ ఒకసారి వెలగాలి. వెలిగి ఆరితేనే బాగున్నట్టు."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. ఆమె వంగి కేబుల్ పెట్టింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఎడమవైపు ముందు సీటు ఎయిర్‌బ్యాగ్: కనెక్షన్ లేదు. కారు చెబుతూనే ఉంది. దాని దీపం నోరే ఎవరో నొక్కేశారు. ఆమె లాప్‌టాప్ ఇద్దరి వైపూ తిప్పింది.

"దాచేదేముందండీ" అన్నాడు జోగారావు, నిజంగానే దాచేదేమీ లేనట్టు. "పోయినేడు మా బావమరిది గట్టు మీద కొబ్బరిచెట్టుకి కొట్టేశాడండి. రెండు బెలూన్లూ పేలిపోయాయి. డ్రైవరువైపుది కొత్తది వేయించేశా, నిక్షేపంలా ఉంటదండి. రెండోది ఎందుకులే అని ఊరుకున్నా. ఎర్రదీపం అస్తమానం వెలుగుతుంటే చిరాకుగా ఉందని తీయించేశానండి. ఆ సీట్లో మా ఆవిడేగా కూర్చునేది!"

ఈశ్వరప్రసాద్ పగలబడి నవ్వాడు. అందులో పాపం క్రూరత్వమేమీ లేదు. సాటి సంసారి హాస్యానికి నవ్వే నవ్వు.

జోగారావు భార్య మంగాయమ్మ కాఫీ గ్లాసుల పళ్ళెంతో అరుగు దిగుతూ ఆగిపోయింది. "దీపం తీయించేశారా? మరి నాకు చెప్పలేదేంటండీ?"

"చెబితే నువ్వు బాగుచేస్తావా ఏంటి? కాఫీ ఇయ్యి, చల్లారిపోద్ది."

ఆమె వచ్చి కాఫీ ఇవ్వబోయింది. పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. మగవాళ్ళిద్దరూ విననట్టే ఉన్నారు. గీతాంజలికి మాత్రం ఈసారి ఆ చప్పుడు మీద అనుమానం రాలేదు.

"అయితే ఆ పక్కదానికి రేటు తగ్గించాలండోయ్ జోగారావుగారూ" అన్నాడు ఈశ్వరప్రసాద్ హుషారుగా. ఆమె వైపు తిరిగి, "శభాష్ గీతా! నీ కేబుల్ పనికొచ్చింది" అన్నాడు.

ఆ మాటకి ఆమె లోపల ఏదో తోకాడించింది. ఇంత జరిగాక కూడా. ఆయన మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో లెక్క చూసుకోబోతున్న ఆ లోపలి మనిషిని చూస్తే ఆమెకు రోతగానూ, జాలిగానూ అనిపించింది. ఇన్నాళ్ళూ తన మాట ఎవరూ నమ్మడం లేదనే కదా బాధపడింది. తనను నమ్మకపోయినా యంత్రాన్ని నమ్ముతారనే కదా ఈ కేబుల్. యంత్రం చెప్పింది. నమ్మారు కూడా. నమ్మి, అటు తిప్పి ఇటు తిప్పి, బేరంలో వేసుకున్నారు. ఆ సీట్లో కూర్చునేదెవరో ఈశ్వరప్రసాద్‌కి తెలియక కాదు. తెలియకపోవడం అనేది ఎప్పుడూ లేదేమో. పాట సౌండు తగ్గించి విన్న ఆ మొదటి రోజు ఆయన ముఖం ఇప్పుడామెకు స్పష్టంగా కనిపించింది. తల కొంచెం పక్కకి వంచి, కనుబొమలు ముడిచి, ఒక్క క్షణం. ఆ చప్పుడు ఆయనకూ వినిపించింది.

ఆమె కేబుల్ పీకి, చుట్టి, సంచీలో పెట్టుకుని దిగింది. "ఏవండీ, ఈ కారు వద్దండీ."

"బెలూనేగా, తర్వాత వేయిద్దాంలే. ముందు ముహూర్తం దాటకుండా కదులుదాం" అంటూ ఈశ్వరప్రసాద్ డ్రైవరు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఇంజను స్టార్టు చేశాడు. "ఎక్కు. నిమ్మకాయలు తొక్కించేస్తున్నా."

గీతాంజలి కారు ముందునుంచి చుట్టి ఎడమవైపుకి వచ్చింది. తలుపు దగ్గర మంగాయమ్మ ఖాళీ పళ్ళెం ఎదకి ఆనించుకుని నిలబడి ఉంది, ఆ సీటు వంకే చూస్తూ. ఎన్నిసార్లు కూర్చుందో అందులో, ఒడిలో ఏ మూటలు పెట్టుకుని, ఎన్ని కబుర్లు చెబుతూ.

"ఏం చేస్తున్నావక్కడ? ఎక్కమంటుంటే" అని లోపల్నుంచి వినిపించింది.

ఇంజను కొద్దిగా వణుకుతోంది. గీతాంజలి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చక్రం ముందు వంగి, తాను పెట్టిన నిమ్మకాయను తీసేసింది.