గ్యాసే అన్నది ఏసుమణి

ఇందుకూరుపేట పక్క పల్లెలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు వచ్చేది ఏసుమణి గుమ్మానికే. ప్రార్థన చేసిన నూనె రాసి ధైర్యం చెప్పి పంపుతుంది. ఆ మహాతల్లికి తెలియని జబ్బు లేదు మరి! అందుకే ఎనిమిదో నెల గర్భంతో ఉన్న కోడలు ఫ్లోరా తెల్లవారుజామున కుడి పక్కటెముకల కింద నొప్పి అంటే తేలిగ్గా తీసేసింది.

"రాత్రి సరిగా తిన్లేదు గదమ్మే, గ్యాసు పట్టింది. ఈపొద్దు శుక్రవారం కూటం అయినాక తిందువులే," అని నూనె రాసింది.

మధ్యాహ్నం ఏసుమణి ఇంట్లోనే ఉపవాస కూటంలో చాప మీద కూర్చుని తలా ఒక వచనం చదువుతున్నారు. ఫ్లోరా వంతు వచ్చింది. బైబిలు పట్టుకుని నోరు మెదపలేదు. ఏసుమణికి తల కొట్టేసినట్టయింది.

"చదవమ్మే!"

"అక్షరాలు కనపడడంలా అత్తా. తల పగిలిపోతా ఉండాది."

ఏసుమణికి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల ఆశా కార్యకర్త రోజారమణి ఇదే చాప మీద కూర్చుని చెప్పింది. "పైకడుపులో నొప్పి, తలనొప్పి, కళ్ళు మసకలు, ఏదొచ్చినా ఆగబాక పిన్నీ. బీపీ అయ్యుంటే తల్లీబిడ్డ ఇద్దరికీ ప్రాణాల మీదికొస్తది." అప్పుడు ఏసుమణి నవ్వేసింది కూడా.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు.

"ఆమెన్!" అని మధ్యలోనే అరిచింది ఏసుమణి. "108కి ఫోన్ చెయ్యండయ్యా!"

నెల్లూరు చేరేదాకా కోడలి ఉబ్బిన వేళ్ళు పట్టుకునే కూర్చుంది.

ఆసుపత్రిలో నర్సు బీపీ పట్టీ చుడుతూ, "నొప్పి ఎప్పట్నించి?" అంది.

"ఇప్పుడేనక్కా," అంది ఫ్లోరా, అత్త పరువు పోకూడదని.

వెంట వచ్చిన కూటంవాళ్ళు వింటున్నారు.

"కాదు తల్లీ, తెల్లారుజామున్నించే. నేనే గ్యాసన్నాను. నేనే ఆపినాను," అంది ఏసుమణి.

నర్సు అంకె చూసి డాక్టరు కోసం పరుగెత్తింది.

సాయంత్రం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. రెండు కిలోలైనా లేదు. ఫ్లోరాకు గండం ఇంకా గడవలేదనీ, రెండు రోజులు చూడాలనీ అన్నారు. నర్సు బిడ్డను చూపించినప్పుడు ఏసుమణి తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పొద్దున నూనె రాసింది ఆ చేత్తోనే.