బదరీ దారికి నీళ్ళు

పత్తి ఏరడం ముగిసింది. ఆఖరి బండి విరుదునగరానికి పోయి వచ్చింది. ఆ సాయంత్రమే అప్పాసామి నాయకర్ తన వాకిట్లో హిమాలయాన్ని పరిచాడు.

దోసెడు పత్తిగింజలు తెచ్చి, అలికిన నేల మీద ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాడు. గడప ముందర పెట్టిన చింతపిక్క రిషీకేశం. అక్కడిదాకా రైలు. అక్కడినుంచి గింజల వరస రోలు చుట్టూ వంకర తిరిగి, కోళ్ళగంప దాటి, దొడ్డిగోడ మొదట్లో ఉన్న సున్నపురాయి దాకా పోయింది. ఆ రాయి బదరీనాథం. నడుమ ఒక్కో గింజ ఒక్కో మజిలీ.

"చింతపిక్క నుంచి సున్నపురాయి దాకా నడకే. ఒక లోయ పట్టుకుని పోవాల. ఎక్కేది, దిగేది, మళ్ళీ ఎక్కేది" అన్నాడు.

"రుద్రప్రయాగను కోడి మింగేసింది మామా" అన్నాడు సోలైమలై.

సోలైమలై ఊరి పత్తిబండ్లు తోలేవాడు. పత్తి కూరిన బోరెం ఒంటిచేత్తో ఎత్తుతాడు. విరుదుపట్టి పేరు విరుదునగరమై చాన్నాళ్ళయినా అతని నోటికి అది విరుదుపట్టే. బదరీకి పోయేవాళ్ళం ముగ్గురం: అప్పాసామి అన్న, సోలైమలై, రామసుబ్బు అనే నేను. నాతో పయనం సుఖం అని అప్పాసామి అన్న అంటాడు. నేను మాట్లాడనని.

అప్పాసామి కోడిని తరిమి, కొత్త గింజ పెట్టాడు. అప్పుడు గడపలో నిలబడి ఉన్న బొమ్మక్క వదిన అంది:

"నేనూ వస్తా మరిదీ."

బొమ్మక్క అప్పాసామికి అన్న భార్య. ఆ అన్న, నాగరాజన్, పోయి రెండు వానాకాలాలయింది. ఈ వాకిట్లో మొదట గింజలు పరిచింది ఆయనే. అప్పుడు ఆ వరస పక్కన కూర్చుని, కోళ్ళను అదిలించింది ఈమె.

"వదినే, అది సంతకు పోయే తోవ కాదు."

"తెల్సు. సంతకైతే నువ్వే పిలుస్తావు, మూట మోసేదానికి."

సోలైమలై మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పాసామి నవ్వలేదు. "నీకు తోవలో ఏమన్నా అయితే ఒట్టపిడారంలో మీ అన్నలకు నేనేం బదులు చెప్పేది?"

"ఇంట్లో ఉండి ఏమన్నా అయితే ఏం చెప్తావో అదే చెప్పు."

ఆయన వంగి గింజల వరస సర్దాడు. ఆయనది కోపం కాదు, భయం. అది నాకు తెలుసు. అన్న పోయాక ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆయన తిండి మానేస్తాడు.

"నీళ్ళో?" అన్నాడు చివరికి. "నీళ్ళు ఎవురు మోస్తారు?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. మా నల్లనేల మీద పయనం అంటే నీళ్ళే. ఏ ఊరి బావి ఉప్పన, ఏ ఇంటి ముందర అడిగితే చెంబు ఇస్తారు, ఏ తోవలో నాలుక పిడచకట్టినా దిక్కుండదు, ఇవి తెలుసుకోకుండా ఎవరూ కాలు బయట పెట్టరు. మాకు తెలిసిన కొండలన్నీ బండలే. వాటి మీద బల్లి కూడా దాహంతో నోరు తెరుచుకుని ఉంటుంది.

"గంగ ఉంది కదా మామా ఆడ?" అన్నాడు సోలైమలై.

"ఉంది. ఎక్కడుంది? ఒట్టపిడారంలో బద్రి పోయొచ్చిన ముసలాయన చెప్పినాడు. మనం నడిచే తోవ కొండ నడుములోనంట. గంగ పాతాళంలో తెల్లదారంలాగ కనిపిస్తుందంట. చూసి దండం పెట్టుకోవచ్చు. తాగేది ఎట్ల?"

"చేద తాడు తీసుకుపోతే?"

"విరుదునగరం గోదాముల్లో తాడంతా ముడేసినా అందదు రా!"

అది మాకు సబబుగానే తోచింది. అప్పాసామి లేచి నిలబడి, బొమ్మక్క వైపు చూడకుండా, ఆమెకోసమే చెప్పాడు: "సరి. పరీక్షలాగ ఒక శోదన పెడతా. ఈ పంగుని నెల ఎండలో కళుగుమలై పోవాల, కొండెక్కాల, తిరిగి రావాల. ఎవురి నీళ్ళు వాళ్ళే మోయాల. తోవలో ఇంకొకరిని గుక్కెడు అడిగినవాళ్ళు బద్రికి లేదు."

"నేను అడిగితే?" అంది బొమ్మక్క.

"నువ్వే కాదు. నేను అడిగినా అంతే."

ఇంటికి వచ్చి నా భార్య పొన్నుతాయికి చెప్పాను. ఆమె సంగటి గరిటె చేతిలోనే ఉంచుకుని నవ్వింది.

"మీ అన్నకు బుద్ధి ఉండాదా? ఆడదాన్ని ఆపేదానికి నీళ్ళ కొడం అడ్డం పెట్టినాడే!"

నాకు అప్పుడు తట్టింది. మా ఊరి మంచినీళ్ళ బావి రెండు పొలాలు దాటి, వాగు ఇసక కూడా దాటితే గాని రాదు. పెండ్లయి వచ్చిన మరునాటి నుంచి బొమ్మక్క ఆ తోవ నడుస్తూనే ఉంది. ఆ తోవలో బిందెతో నడిచిన మగవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. మళ్ళీ పోయి అన్నకు చెప్దామా అనుకున్నాను. చెప్పలేదు. నాకు ఆ నడక చూడాలనిపించింది.

తెల్లవారకముందే బయలుదేరాం. సోలైమలై కిరసనాయిలు డబ్బాలు రెండు, చింతపండూ బూడిదా వేసి తోమి, కావడికి కట్టాడు. అప్పాసామి ఎక్కడో సంపాదించిన తోలుతిత్తి నింపి వీపున వేసుకున్నాడు. నేను ఇత్తడి బిందె భుజాన పెట్టుకున్నాను. బొమ్మక్క పాతచీర పేలిక చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. దాని మీద బిందె, బిందె మూతిలో నీళ్ళు తొణక్కుండా గుప్పెడు వేపరొట్ట. అంతే.

పొద్దు ఎక్కేకొద్దీ నేల నెర్రెలు విచ్చుకున్నట్టు కనిపించింది. సోలైమలై డబ్బాలు అడుగుకొక పాట పాడాయి. తిత్తి కుట్టు దగ్గర కారుతూ ఉంది. అప్పాసామి వెనకాల తడిచుక్కల వరస పడేది, రెండు అడుగులు వేసేలోపల ఆరిపోయేది. వెనక నడుస్తున్న నేను చూస్తూనే ఉన్నాను. నా బిందె నన్ను సగం తడిపేసింది. భుజం మార్చినప్పుడల్లా ఒక దోసెడు నేలపాలు.

బొమ్మక్క ముందర నడుస్తోంది. నడుము కదులుతుంది, మెడ కదలదు. బిందెలో రొట్ట కూడా కదలలేదు. ఒకచోట ఆగి వెనక్కి తిరిగింది. తల తిప్పలేదు, మనిషే తిరిగింది.

"ఏం అల్లుడూ, డబ్బాలు మేళం వాయిస్తా ఉండాయే! ఎవురి పెండ్లి?"

"నాదే అత్తా. నీళ్ళతో" అన్నాడు సోలైమలై, చెమట తుడుచుకుంటూ. "పెండ్లికూతురు కిరసనాయిలు వాసన వేస్తా ఉంది."

కళుగుమలై చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కింద కోవెలకు మొక్కి కొండెక్కాం. బండ కాలుతోంది. పక్కన రాతిలో చెక్కిన బొమ్మలు ఎన్నేండ్లుగానో ఆ ఎండలోనే కూర్చుని ఉన్నాయి. పైకి చేరి, అప్పాసామి తిత్తి విప్పాడు. ఖాళీ. పిండితే ఒక చుక్క రాలేదు. సోలైమలై డబ్బా ఎత్తి ఒక గుక్క పట్టి, ఉమ్మేశాడు. నా బిందె అడుగున ఉన్నది నేను మొదటి మెట్ల దగ్గరే తాగేశాను.

ఎవరూ ఎవరినీ అడగలేదు.

బొమ్మక్క బిందె దించింది. రొట్ట తీసి పక్కన పెట్టింది. నీళ్ళు అంచుకు రెండు వేళ్ళ కిందున్నాయి. కొంచెం తాగింది. తర్వాత మా ముగ్గురి వంకా చూసింది.

"అడగొద్దు. అడిగితే బద్రి పోతుంది" అంది. "నేనే ఇస్తా. ఇస్తే తాగకూడదని మరిది చెప్పలేదే."

సోలైమలై ముందే దోసిలి పట్టాడు. నేను పట్టాను. అప్పాసామి చాలాసేపు కొండ కింద పొలాల వైపు చూస్తూ ఉండి, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు. ఆమె సన్నగా, చుక్క చిందకుండా పోసింది. ఆయన మోచేతుల దాకా కారిన నీళ్ళు కూడా వదల్లేదు.

పడమట నీలంగా పెద్దకొండల వరస కనిపిస్తోంది. "మరిదీ, బద్రి కొండలు దాని కంటే పెద్దవా?" అంది బొమ్మక్క.

"దాని మీద అట్లాంటివి ఎన్నో ఎత్తి పెట్టినట్టుంటాయంట."

"పైన మంచు ఉంటుందే, అది మార్గళి నెలలో గడ్డి మీద ఉండేదే కదా?"

"అదే అనుకుంటా. కొంచెం ఎక్కువ" అన్నాడు అప్పాసామి.

తిరుగుతోవ అంతా ఆయన వస్తావనీ చెప్పలేదు, రావద్దనీ చెప్పలేదు. ఆమె అడగలేదు, రొట్ట మళ్ళీ బిందెలో పెట్టుకుని నడిచింది. వేగం మాత్రం తగ్గించలేదు.

అన్న వాకిలి చేరేసరికి తిన్నె మీద దేవప్రయాగ పండా కూర్చుని ఉన్నాడు. ఏటేటా చలికాలంలో ఆ కొండల నుంచి వచ్చి, మూతికి లక్క వేసిన గంగచెంబులు ఇచ్చి పోయే యాత్రల పురోహితుడు. ఆ యేడు ఆలస్యంగా వచ్చాడు. కొంచెం తెలుగు, కొంచెం అరవం, మిగతాది చేతులతో మాట్లాడతాడు. పొన్నుతాయి ఆయనకు మజ్జిగ ఇచ్చి మాట్లాడుతోంది.

డబ్బాలూ, తిత్తీ, బిందెలతో లోపలికి వచ్చిన మమ్మల్ని చూసి ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమయింది నాయకర్ గారూ? ఎక్కడైనా ఇల్లు అంటుకుందా?"

అప్పాసామి సంగతంతా చెప్పాడు. పండా మొదట నమ్మలేదు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు.

"బదరీకి నీళ్ళు మోసుకొచ్చిన యాత్రికులు మా తాత కాలంలో కూడా లేరు. గంగ కింద ఉంటుంది, నిజమే. కాని పైనుంచి మంచు కరిగి దిగేది ఎక్కడికి? తోవకు అడ్డంగా దిగుతుంది. ఒక మలుపు తిరిగితే ఒక ధార. రాతి సందులోనుంచి దూకుతుంది. తప్పుకుందామన్నా తప్పుకోలేరు, తడుస్తారు. మీరు తెచ్చుకోవలసింది కంబళ్ళు. రెండేసి. ఇనుపముల్లు ఉన్న కర్ర. కాలికి మంచి చెప్పులు."

"మలుపుకొక ధారా?" అంది బొమ్మక్క. ఆమె నెత్తిమీద బిందె ఇంకా దించలేదు.

"అవునమ్మా."

"బావి లేకుండానా? చేద లేకుండా?"

"చెయ్యి చాపితే చాలు."

"శబ్దం వస్తుందా?"

"శబ్దమా! పక్కన నిలబడినవాళ్ళ మాట వినపడదు. అరవాలి."

"అట్లయితే మా ఆయన్ని తీసుకుపోండి, నష్టం లేదు" అంది పొన్నుతాయి. "ఈయన ఎట్లా మాట్లాడడు."

అందరూ నవ్వారు, నేను కూడా. సోలైమలై డబ్బాలు రెండూ గోడవతలికి విసిరేశాడు. విరుదుపట్టిలో మంచి కంబళ్ళు ఏ కొట్టులో దొరుకుతాయో అప్పుడే చెప్పడం మొదలుపెట్టాడు. వాకిలంతా ఒకటే సందడి.

అప్పాసామి మాత్రం తిత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అయితే నేను పెట్టిన శోదన చెల్లదు" అన్నాడు.

సోలైమలై చటుక్కున ఆయన వైపు తిరిగాడు.

"చెల్లదంటే, అత్త గెల్చింది కూడా చెల్లదా మామా?" అన్నాడు సోలైమలై.

బిందె మీద పెట్టిన బొమ్మక్క చెయ్యి గట్టిగా బిగిసింది. నెత్తి మీద ఉండగా వేపరొట్ట ఆ రోజు మొదటిసారి కదిలింది.

"నేను ఓడింది చెల్లుతుంది కదా" అన్నాడు అప్పాసామి. "కొండ మీద నేను ఎవురి నీళ్ళు తాగినానో రామసుబ్బు చూసినాడు. వాడు చెప్పడు. నేనే పోయి ఒట్టపిడారంలో చెప్తా. అడగకముందే ఇచ్చే మనిషి తోడు లేకుండా నేను ఆ కొండల్లోకి పోనని చెప్తా. వాళ్ళకు బదులు చెప్పేది నేను చూసుకుంటా." తిత్తి కింద పడేశాడు. "వదినే, ఆ కొడం లోపల పెట్టి రా."

"ఎందుకు?"

"బద్రికి వట్టి చేతుల్తో నడవాల. ఇప్పట్నుంచే నేర్చుకో."

ఆమె లోపలికి పోయింది. బిందె నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి, చింతపిక్క దగ్గర నిలబడింది. చేతులు ఏం చేయాలో తోచనట్టు ఒకసారి కొంగుకు తుడుచుకుంది. తర్వాత గింజల వరస పక్కన నడవడం మొదలుపెట్టింది, సున్నపురాయి వైపు. రోలు దగ్గర వంకర తిరిగేటప్పుడు కుడిచెయ్యి దానంతటదే నెత్తి మీదికి లేచింది. లేని బిందెను పట్టుకోబోయి, ఆగి, కిందికి దిగింది. ఆమె పెద్దగా నవ్వింది. ఆమె నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

"ఏయ్, పక్కకు పోండి!" అని సోలైమలై కోళ్ళను అదిలించాడు. "మా అత్త బద్రికి పోతా ఉంది!"