ఎడమ చేతికి నీలం దారం

జూన్ పదకొండు. ఆ మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన గుడ్లు, చెరో అరటిపండు తిన్నారు. గుడ్డు మీద ఉప్పు ఎక్కువైందని భార్య నొచ్చుకుంటే, డ్రమ్ము మాస్టారు ఆవిడది కూడా తినేశాడు. తర్వాత ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఆయన వాయించే కర్రల, అంటే మ్యాలెట్ల, గుండ్రటి తలలకు కొత్త ఊలు చుట్టింది. ఆవిడ చేతి మీదుగా తయారైన ఆఖరి జత అదే.

ఇప్పుడు ఫిబ్రవరి. ఆ ఊలు చిరిగి లోపలి రబ్బరు బయటపడింది. విప్పడానికి మనసొప్పక మాస్టారు ఆ జతను సొరుగులో దాచి, దుకాణంలో కొత్తది కొన్నాడు. తంటా అక్కడే మొదలైంది.

మారింబా వాద్యపు చెక్క పలకల మీద కుడి, ఎడమ, కుడి, ఎడమగా మెత్తగా సాగాల్సిన ఎనిమిది స్వర వరుసలవి. వాద్యబృందాన్ని నడిపే ఆయన సాధన మధ్యలో ఆపేశాడు.

"మాస్టారూ, కుంటుతోందండీ. ఎడమ దెబ్బ బరువుగా పడుతోంది."

మూడుసార్లు వాయించినా అంతే.

"శనివారం దాకా చూద్దాం. కుదరకపోతే ఇది రెండో డ్రమ్మరు వాయిస్తాడు, మీరు స్నేర్ డ్రమ్ము చూసుకుందురు గాని."

ముప్పై నాలుగేళ్లుగా 'ఆయన రెండు చేతులూ కవలపిల్లలు' అనిపించుకున్న మనిషి. అరవై దాటాక ఎడమ చెయ్యి మాట వినడం మానేసిందనుకున్నాడు.

గురువారం సాయంత్రం మరదలు వచ్చింది. స్వెటర్లు అల్లి దుకాణాలకు ఇవ్వడం ఆవిడ పని. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే చోట నేర్చుకున్న విద్య.

"మొహం అలా వేలాడేశావేం బావా?"

"ఎడమ చెయ్యి పోయిందే."

"ఎక్కడికీ? టీ కప్పు దాంతోనే పట్టుకున్నావుగా."

సంగతంతా విని, "అక్క చుట్టినవి ఇలా తే. అచ్చం అలాగే చుట్టిస్తా," అంది.

"విప్పేస్తావా?"

"విప్పకపోతే ఎన్ని చుట్లో నాకెలా తెలుస్తుంది? దారం తెంపనులే."

మాస్టారు సొరుగు తీసి, కాసేపు అలాగే నిలబడి, జతను ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ విప్పింది. కుడిదానికి తొంభై ఆరు చుట్లు. పిడికి నీలం దారం కట్టిన ఎడమదానికి నూట ఇరవై రెండు.

"మీ అక్క పరాకుగా చుట్టినట్టుంది," అన్నాడు మాస్టారు.

"అక్కకి పరాకా? నీకు అల్లిన స్వెటర్లలో ఒక్క కుట్టైనా జారిందా ఎప్పుడైనా? ఇంతకీ ఈ నీలం దారం ఏమిటి?"

"ఎడమ చేతికి ఇదే, మార్చకు అని ప్రతిసారీ చెప్పేది. ముచ్చటకి కట్టిందనుకున్నా."

మరదలు కాస్త ఆలోచించింది. "ఆ డ్రమ్ము మీద మెల్లగా కొట్టు. నేను గోడవైపు తిరుగుతా."

తలుపు పక్కనే స్టాండు మీద స్నేర్ డ్రమ్ము ఉంది. అడుగున తీగలు బిగించి ఉండటంతో ఇంట్లో ఏ తలుపు పడినా అది జిర్రుమంటుంది. రాత్రిళ్లు దాని మీట దించి తీగలను వదులు చేసే పని భార్యదే. ఆవిడ పోయాక ఎవరూ దించలేదు. మాస్టారు కర్రలు తీసుకుని కొట్టసాగాడు.

"ఇది ఎడమ," అంది మరదలు గోడతోనే. "ఇదీ ఎడమే. నీ చెయ్యి ఇప్పుడేం పోలేదు బావా, మొదటినుంచీ బరువే. స్నేర్ మీద అదో అందం. మారింబా మీద దాగదు. అక్క వంటింట్లోంచి వినే ఉంటుంది, అందుకే ఎడమదానికి ఎక్కువ చుట్లేసి మెత్తగా చేసింది."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"అంటే నువ్వు ఊరుకునే రకమా? నెలంతా ఆ చేతిని తిట్టుకుంటూ, అన్నం కూడా సరిగా తినేవాడివి కాదు."

మాస్టారు నవ్వబోయాడు. అంతలో నీలం దారం పిడిని చేతిలోకి తీసుకున్నాడు.

దుకాణం మ్యాలెట్ల మీద మరదలు కొత్త ఊలు చుట్టింది. ఎడమదానికి ఇరవై ఆరు చుట్లు ఎక్కువ. నీలం దారం కూడా కట్టింది. మాస్టారు ఎనిమిది వరుసలూ వాయించాడు.

"ఇప్పుడు చెప్పు, ఏది ఎడమ?"

మళ్లీ గోడవైపు తిరిగి ఉన్న మరదలు తల అడ్డంగా ఊపింది. "తెలియట్లేదు," అంది. "ఇంకోసారి వాయించు. చెప్పడానికి కాదు, ఊరికే."

ఆవిడ సంచి సర్దుకునే సరికి మాస్టారు కుర్చీలోనే కళ్లు మూసుకుని ఉన్నాడు. విప్పిన పాత ఊలు ఉండ ఒళ్లో ఉంది. లేపడం ఎందుకని, మరదలు స్నేర్ డ్రమ్ము మీట దించి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా లాగింది.