అంచుకెక్కిన వానపాములు

మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. మూత లోపలివైపు వానపాములు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. కొన్ని తొట్టి అంచు దాటి గోడ మీదికి కూడా పాకాయి. కోడలు వాటిని ఆకుతో తీసి లోపల వేసింది. అవి మళ్ళీ పైకే బయల్దేరాయి.

వెనక వరండాలో నీడపట్టున ఉన్న ఆ తొట్టి మామగారిది. కళ్ళద్దాల దుకాణం మూసేశాక తెచ్చుకున్నారు. కూరగాయల తొక్కలు తిని ఎరువు చేసే ఎర్ర వానపాములవి. బతుకంతా అద్దాలు అరగదీసిన చెయ్యి కనుక ఆయనకు ఇక్కడా కొలతే. చింపిన కాగితాల పరుపు, దాని కింద తొక్కలు, అవీ పాతవి తినేశాకే. నిమ్మతొక్కలూ, ఉప్పు తగిలినవీ దగ్గరికి రానివ్వరు. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కడితే వరద, పొడిపొడిగా రాలితే కరువు అంటారు. పైకెక్కుతున్నాయంటే కింద ఊపిరాడక పారిపోతున్నాయని కోడలికి చెప్పిందీ ఆయనే.

"అత్తయ్యా, తొట్టిలో మీరేమైనా వేశారా?"

"నేనా? నా మొహం! ఆ సంసారం మీ మావయ్యగారిది. పెళ్ళైన కొత్తలో నాకైనా అంత కొసరి వడ్డించలేదు తల్లీ." మాటకు మాట అప్పజెప్పందే ఊరుకునే మనిషి కాదు అత్తగారు. ఎవరూ ఏమీ అనకపోయినా తనే అందుకుంటారు. "ఆ కంపుకి నీ మొగుడు నిన్న ముక్కు మూసుకుని అన్నం తిన్నాడు, చూశావా?"

కోడలి భర్త నేరుగానే అన్నాడు. "ఆదివారం దాన్ని చెత్తబండికి ఎక్కించేస్తా."

"దాని జోలికి వెళ్ళకండి. పొద్దున్న లేస్తే ఆయనకున్న పని అదొక్కటే," అంది కోడలు.

ఆ రోజు ఆమె వంటింట్లోంచి కనిపెట్టి చూసింది. మామగారు తొక్కల గిన్నె పట్టుకెళ్ళారు. కాగితం పక్కకు తీసి, తొక్కలు పరిచి, మళ్ళీ కప్పారు. చేతులు కడుక్కుని పేపరు ముందు కూర్చున్నారు. ఒక పేజీ తిప్పారో లేదో, లేచి వచ్చారు.

"అమ్మాయ్, తొక్కలేమైనా ఉన్నాయా? పాపం, వాటికివాళ ఇంకా ఏమీ పెట్టలేదు."

హాస్యమాడుతున్నారనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. చెత్తబుట్టలో ఉన్నవి ఏరుకుని వెళ్ళారు. భోజనానికి ముందు మళ్ళీ వచ్చారు. ఈసారి ఏమీ దొరకక ఫ్రిజ్ తెరిచి, నవనవలాడే కీరదోసకాయ తీసి, చాకుతో చక్రాలు తరగడం మొదలుపెట్టారు. కొన్న కూరగాయలు కొన్నట్టే ఎందుకు మాయమవుతున్నాయో ఆమెకు అప్పుడు తెలిసింది. ఎసరు పొంగి స్టవ్ ఆరిపోయినా చూసుకోలేదు.

భర్తతో చెబితే కొట్టిపారేశాడు. "పెద్దతనం. నేను తాళాలు మర్చిపోవట్లేదూ? అందుకే తొట్టి తీసేద్దామన్నది."

"తొట్టి తీసేస్తే మర్చిపోవడం ఆగుతుందా?"

అతను ఫోను అందుకున్నాడు.

అప్పటినుంచి మామగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళకు ఆమె తొట్టి ముందు చేరేది. కుళ్ళుతున్నవి బకెట్లోకి తోడేసి, తడి పీల్చడానికి అట్టముక్కలు చింపి కలిపేది. కానీ ఆమె తోడేదానికన్నా ఆయన పెట్టేది ఎక్కువ. అడుగున కొన్ని తెల్లబారి, ముట్టుకుంటే దారంలా తెగిపోతున్నాయి.

ఒకనాడు వెనకనుంచి గొంతు వినిపించింది.

"అదేంటమ్మాయ్, వాటి నోటి దగ్గర కూడు లాగేస్తున్నావ్?"

ఆమె వెనక్కి తిరిగింది. "ఎక్కువైంది మావయ్యగారూ. పులిసిపోతోంది."

"ఎందుకవుతుంది? నేను పెట్టి మూడ్రోజులైంది." గొంతుక్కూర్చుని, గుప్పెడు తీసి పిండారు. నీళ్ళు మోచేతిదాకా ధారకట్టాయి. "వేడెక్కింది కూడా. ఎవరో ఒళ్ళు తెలియకుండా వేశారు."

బకెట్లో చూశారు. పైన కీరదోస చక్రాలు. ఒకటి తీసి, బొటనవేలితో తుడిచి, అద్దాన్ని చూసినట్టు వెలుతురుకేసి పట్టుకున్నారు. ఇంకొకటి తీసి పక్కన పెట్టారు. రెంటి మందానికీ వెంట్రుకంత తేడా లేదు.

"మన ఇంట్లో ఇలా తరిగేది నేనొక్కణ్ణే కదూ?"

ఆమె అవునన్నట్టు తలూపింది.

"వాడికి తెలుసా?"

"చెప్పాను. నమ్మలేదు."

"మీ అత్తయ్యకి?"

"తెలీదనుకుంటా."

"తెలియనివ్వకు. నోరే పెద్దది. తట్టుకోలేదు." ముక్కలు బకెట్లో వేశారు. "పైవాటా టీచరమ్మ అడుగుతూ ఉంటుంది కదా, వీటిని ఆవిడకిచ్చేద్దాం."

"ఎందుకు మావయ్యగారూ? మీరు పెడుతూ ఉండండి, నేను తీస్తూ ఉంటాను."

"నువ్వు ఓ పూట ఊరెళితే వీటికి చావే. నా చేతిలో ఇవి బతకవమ్మా. పద, ఇప్పుడే. సాయంత్రానికి నాకీ బుద్ధి ఉంటుందో ఉండదో."

ఎండలో పాత దుప్పటి పరిచి తొట్టిని బోర్లించారు. వెలుగు పడగానే వానపాములు అడుక్కి దూరాయి. ఆయన పైపొర గీకి తీస్తుంటే అవి ఇంకా కిందికి వెళ్ళాయి. చివరికి వాటి ముద్ద మాత్రమే మిగిలింది. ఒక్కటి కూడా నలగకుండా రెండు దోసిళ్ళతో ఎత్తి కొత్త కాగితం పరిచిన డబ్బాలో వేశారు. డబ్బానూ, ఖాళీ తొట్టినీ పైకి చేర్చి, టీచరమ్మకు జాగ్రత్తలన్నీ వరసగా చెప్పారు. ఒక్కటీ మర్చిపోలేదు.

"మా అమ్మ నా పసిపిల్లను నా చేతిలో పెట్టినప్పుడు కూడా ఇన్ని చెప్పలేదు బాబాయిగారూ," అని ఆవిడ నవ్వింది. ఆయన కూడా నవ్వారు.

మర్నాడు పొద్దున్న గిన్నె పట్టుకుని వరండాలో నిలబడ్డారు.

"అమ్మాయ్! నా తొట్టేదీ?"

"నిన్న మీరే మావయ్యగారూ..." అంటూ ఆయన మొహం చూసి ఆగిపోయింది. నిన్నటి రోజు ఆ మొహంలో ఎక్కడా లేదు.

"నేనా? నేనిచ్చేశానా? చేసింది చాలక అబద్ధం కూడానా? ఎవరినడిగి తీశావు?"

వంటింట్లోంచి అత్తగారు చెంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కోడలి ముందు నిలబడ్డారు.

"దాన్నెందుకండీ అంటారు? నేనే ఇప్పించేశాను. కంపు భరించలేక."

కోడలు ఆవిడకేసి చూసింది.

"నువ్వా! నీకు మొదట్నించీ వాటంటే కళ్ళమంటే. నాది అన్న వస్తువు ఇంట్లో ఒక్కటి ఉంటే ఓర్వలేవు కదా!" పెళ్ళైన నాటినుంచీ ఉన్నవన్నీ ఎత్తిపొడిచారు.

అత్తగారు వింటూ నిలబడ్డారు. ఒక్క మాట తిరిగి అనలేదు. ఆయన అలసిపోయి ఆగాక, చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుని లోపలికి వెళ్ళారు.