ఒక్క పాయింటు

ప్రపంచంలో టెన్నిస్ ఆడే ఆడవాళ్ళ ర్యాంకుల జాబితాలో జ్యోతిర్మయి పేరు అట్టడుగున, ఒకే ఒక్క పాయింటు మీద నిలబడి ఉంది. పోయిన ఏడాది ఇదే వారం గెలిచిన పాయింటు అది. ఏడాది తిరిగితే చెల్లదు. వచ్చే సోమవారానికి తిరుగుతుంది. ఈలోపు ఇంకో మ్యాచ్ గెలవకపోతే జాబితాలో ఆమె పేరే ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, పన్నెండేళ్ళు ఆడిన తర్వాత, కొండను తవ్వి ఎలుకను పట్టిందని పర్చూరు పక్కన వాళ్ళ ఊళ్ళో నవ్వుకున్నారు. మా వాడికి ఎంసెట్‌లోనే అంతకన్నా మంచి ర్యాంకు వచ్చిందన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. నవ్వేవాళ్ళకేం, ఆ ఎలుక ఎంత పరుగెత్తిస్తుందో పట్టేవాళ్ళకే తెలుసు.

2004లో పోటీ గుంటూరుకే వచ్చింది. రచ్చ ఎటూ గెలవలేదు, ఇంటనైనా గెలుద్దామని ఆమె ఆశ. ఆమె తండ్రి రామాంజనేయులుకి అంతకు రెట్టింపు ఆశ.

రామాంజనేయులు మిరప రైతు. అంతకన్నా ముందు ఎడ్ల పందేల మనిషి. బండ లాగే జత పక్కన పరుగెత్తుతూ ఆయన కేకేస్తే చతికిలబడ్డ ఎద్దు కూడా లేచి లాగుతుందని చుట్టుపక్కల పేరు. మిరపకాయలు ఆరబోసే కల్లాన్ని చదును చేసి కూతురికి కోర్టు గీసింది ఆయనే. ఆమె ఎక్కడ ఆడినా రైలెక్కి వెంట వెళ్ళేదీ ఆయనే. ఆడేవాళ్ళకి బయటినుంచి సలహా చెప్పకూడదని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కలేదు. పై ఊళ్ళలో అంపైర్లకి తెలుగు రాదు గనక అన్నాళ్ళూ చెల్లిపోయింది.

గుంటూరులో అంపైరు తెనాలి మనిషి.

మొదటి సెట్ పోయింది. రెండో సెట్లో "ఎడం పక్కకెయ్యమ్మా, ఎడం పక్కకి" అన్న కేక వినగానే అంపైరు మైకులో జ్యోతిర్మయిని హెచ్చరించాడు. ఆమె తండ్రి వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ సెట్ ఆమె గెలిచింది.

మూడో సెట్లో గేములు అయిదు, ఆరు. సర్వీసు జ్యోతిర్మయిది. ఇంకొక్క పాయింటు వస్తే ఎదుటి పదిహేడేళ్ళ పిల్లదే మ్యాచ్. జ్యోతిర్మయికి కాళ్ళు పీకుతున్నాయి, భయంగానే ఉంది. అయినా బంతి ఎక్కడ వెయ్యాలో తెలుసు. ఇలాంటి చోటునుంచి చాలాసార్లు లేచి వచ్చింది.

"ఎడం పక్కకే తల్లీ, ఎడం పక్కకే కొట్టు."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. అంపైరు ఒక్క క్షణం ఆమెను జాలిగా చూసి, చెప్పాల్సింది చెప్పాడు. రెండో తప్పుకి శిక్షగా ఎదుటి పిల్లకి ఒక పాయింటు. ఆ పాయింటుతో మ్యాచ్ అయిపోయింది. బంతి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

బయట సైకిల్ స్టాండు దగ్గర తండ్రి ఎదురొచ్చాడు.

"అదేందమ్మా, నువ్వు బంతే కొట్టలేదుగా. ఎట్టా ఓడిపోయావు?"

ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనే అనుకుంది. కోపం ఆగలేదు.

"నీ కేకకి, నాన్నా."

ఆయన కండువా భుజం మీంచి తీసి చేతిలో మడతపెట్టాడు. "మళ్ళా తిడతాడనుకున్నా. తిడితే పడదామనుకున్నా. అట్టాంటప్పుడు అదిలించకుండా ఎట్టా ఉంటారమ్మా?"

ఆమె రాకెట్ల సంచి భుజాన వేసుకుంది. "సోమవారం నుంచి నా పేరుండదు. మళ్ళీ మొదటినుంచి ఆడాలి. వచ్చే పోటీకి శుక్రవారానికి పుణెలో ఉండాలి."

"రేపు పొద్దున్నే టికెట్లు తీస్తా."

"ఒకటే తియ్యి, నాన్నా."

"ఈ ఒక్కసారికేగా?"

"నేను ఆడినన్నాళ్ళూ."

అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే మళ్ళీ ఓడిపోతానని ఆమెకి తెలుసు.

ఊరెళ్ళే బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చిలకలూరిపేటలో బస్సు ఆగినప్పుడు ఆయన ఏదో అన్నాడు. వినపడక ఆమె తల దగ్గరగా వంచింది.

"మంచినీళ్ళు కావాలా అమ్మా" అంటున్నాడు.