పేరు పిలిచి విసరిన మోకు

జ్యేష్ఠము కడముట్టుచున్న యొక యపరాహ్ణమున, లవణమారుతస్పర్శచే నలుపెక్కిన రాతిగోడలపై బోదగడ్డి కప్పులను మోసికొని, మీనుగుట్ట యను నా చిన్నదీవి కాడి దింపిన ముసలియెద్దువలె సముద్రమధ్యమున మోకాళ్లు మడచి పడియుండెను. అట్టి నిస్సారభూమిపై నరుడెట్లు నిలిచెనని యడుగవలదు. అచటి యిండ్లు వానిని నిలిపినవి. మూరెడు మందపు గోడలు, పొట్టివాడైనను తల వంచక చొరరాని ద్వారములు, ఏవేళను ఆరనియ్యని పొయ్యి, గడ్డిసందులనుండి మెల్లగా నూరి వెడలు పొగ, ఆ పొగచే మసిబారిన కుండలును మేకలును మనుష్యులును నచట నన్నియు నొక్క రంగే.

నైఋతిగాలి రాకమున్ను ప్రతి కప్పుపైని కొత్త మోకులు బిగింపవలెను. కొసకు రాయి కట్టిన నారమోకును ఈవలి దొడ్డినుండి కప్పుమీదుగా నావలి దొడ్డికి విసరుదురు. ఆవలనున్నవారు దానిని పట్టి లాగి చూరుక్రింద రాయి వ్రేలాడునట్లు బిగింతురు. పట్టువారు లేని మోకు జారి వెనుకకే వచ్చును గనుక ఇది యొంటిచేతి పని గాదు. కనబడని తలపై రాయి పడరాదు గనుక విసరువారు ఆవలివారిని పేరుపెట్టి పిలువవలెను, వారు ‘ఊ’ కొట్టవలెను. ఆనాడు వావివరుసల పట్టింపు లేదు. ఏడాదిపొడవున మగని పేరు నోట బలుకని యిల్లాండ్రు సైత మా దినమున నెలుగెత్తి పిలుతురు. కొత్తకోడలు సిగ్గుతో గుటకలు మ్రింగుచు పిలుచునప్పుడు చుట్టుపట్ల నందరును చేతిపని యాపి చెవులు రిక్కింతురు. ఆ దీవికి వేడుకలు తక్కువ గదా!

గవిరమ్మ కా వేడుక ముగిసినది. ఆమె మగడు అసిరయ్య గడచిన చలికాలమున జ్వరపడి పోయెను. ఆమె యిల్లు నడిమిగోడచే రెండు కాపురములైనది. సముద్రమువైపు గవిరమ్మయు గుట్టవైపు తోడికోడలు నీలమ్మయు నొక్క కప్పుక్రిందనే యుండిరి. అసిరయ్య యన్నయగు నీలమ్మ మగడు అంతకుమున్నే కడలిలో గల్లంతయ్యెను. నాటినుండి అసిరయ్యయే గుట్టవైపు దొడ్డిలో నిలిచి మోకులు పట్టుచుండెడివాడు.

తోడికోడండ్రకు మాటలు లేవు. కారణము మేక. నీలమ్మ మేక యొకనాడు పలుపు తెంపుకొని గవిరమ్మ యెండబెట్టిన కప్పుగడ్డిని కడుపార మేసెను. మేయుట మేకకు ధర్మమే. గవిరమ్మ యన్న మాట మాత్రము మనుష్యధర్మము గాదు.

“మేకనే కాసుకోనేవు, మొగుణ్ణేటి కాసుకుంతావు?” అని యామె యనెను.

నీలమ్మ మేకను లాగికొని పోయెను. అసిరయ్య శవము లేచిననాడు వచ్చి, గుమ్మమున నిలిచి వెక్కివెక్కి యేడ్చి, మాటాడకయే మరలిపోయెను.

ఈ యేడు గాలి తొందరపడెను. దక్షిణపు మొగులు నల్లబడి కెరటములు తెల్లని నురుగు గ్రక్కుచుండ ఊరివారెల్లరు తమ తమ కప్పుల పనిలో మునిగియుండిరి. “మాదయిపోనాక ఒస్తాం పిన్నీ” అని యొక పొరుగువాడు కేక వేసెను. వారిదగునప్పటికి ఈ కప్పు కడలిపాలగుట నిశ్చయము. గవిరమ్మ చెలమనుండి నీరు మోసి, మోకులు తడిపి, రాళ్లు కట్టి, తన దొడ్డిలో నొక్కతెయే నిలిచెను. నడుము తెగిపోవుచుండెను. అంతకంటె నామె మనసు డస్సియుండెను. మగడు పోయినది మొదలు ప్రతి పనియు రెండుమారులు బరువెక్కెను.

కప్పుకావల నీలమ్మ దగ్గు వినవచ్చెను. పిలిచిన చాలును. కాని యా మాట యన్న నోటితోనే పేరుపెట్టి పిలుచు టెట్లు? పిలిచినను పలుకకున్న తన ముఖ మెక్కడ బెట్టుకొనుట?

అంతలో గాలి విసురుకు కప్పంచు లేచి పడెను. గడ్డి కొంత యెగిరి సముద్రమువైపు పోయెను.  గవిరమ్మ మోకు చేతికి చుట్టుకొని, చేయి వెనుకకు వంచి, గొంతెత్తి పిలిచెను. ఏండ్ల తరబడి యా దొడ్డిలో నా చోట పలికిన నోరు మనసు ననుమతి యడుగలేదు.

“అసిరయ్యా!”

రాయి చేయి దాటిన పిదపగాని తాను పిలిచిన పేరు తన చెవిని బడలేదు. ఆమె నేలపై కూలబడెను. మోకు గడ్డిపై సరసర జారి వెనుకకు రాసాగెను. కొంత జారి, యాగెను. పిదప బిగిసెను.

“ఊ,” అని యావలినుండి నీలమ్మ పలికెను. “పట్టినాను. ఇంకోటి ఇసురు.”

గవిరమ్మ నేలపైనుండియే బిగిసిన మోకును తడవి చూచెను.

“పొద్దుట్నించి ఈడే నిలబడున్నాను. పిలవందే మోకెలా పడతానే?” అని నీలమ్మ మరల ననెను. “ఈపాలి నా పేరు పిలు. నేకపోతే రాయి నా నెత్తిమీద పడిపోద్ది.”

“అక్కా, ఆయేల నానన్న మాట...”

“ముందు మోకిసరవే. గాలొచ్చీసింది.”

గవిరమ్మ చెంగుతో ముఖము తుడిచికొని లేచెను. “నీలమ్మా” అని పిలిచెను. ‘ఊ’ అని బదులు వచ్చెను. మోకు పోయెను, బిగిసెను. చీకటి పడకమున్ను కప్పంతయు కట్టువడెను.

ఆ యేటి గాలికి ఊర కొన్ని కప్పులు లేచినవి, వారిది నిలిచెను. నాటినుండి తోడికోడండ్రు గలగల మాటాడుకొనిరని చెప్పిన నబద్ధమగును. అలసినవారు మితముగనే మాటాడుదురు. అయినను నీలమ్మ పొయ్యి యెన్నడైన నారినపుడు నిప్పు గవిరమ్మ పొయ్యినుండియే పోవుచుండెను. మగని పేరును గవిరమ్మ మరి యెన్నడును పైకి పలుకలేదు. కడపటిమారు పలికినపు డది బదులులేక పోలేదు. మరుసటియేట పాతమోకుల నన్నిటిని విప్పి పారవేసిరి గాని, యా పేరు పిలిచి విసరిన మోకును మాత్ర మిరువురును ముట్టక దానిపైననే కొత్తదానిని కట్టిరి.