వెనక సీట్లో అత్తయ్య

వంతెన కూలిన రోజు ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. నేను వెళ్ళలేదు. వారానికి రెండుసార్లు మా ఆయన్ని ఆ వంతెన దాటించి, పట్నం ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ పక్కన పడుకోబెట్టి, తిరిగి ఇంటికి తెచ్చుకునేదాన్ని నేను. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి అదొక వింత. నాకు మాత్రం ఆయన ప్రాణం నిలిపే దారి మూసుకుపోయింది.

"వానలు తగ్గాక కొత్తది కడతారట," అంది పక్కింటావిడ.

"అందాకా ఈయన కిడ్నీల్ని కాస్త ఓపిక పట్టమని చెప్పనా?" అని ఒంటికాలి మీద లేచాను. పాపం, ఆవిడ తప్పేముంది? నా నోరే అంత. కార్లకి సీటు కవర్లు కుట్టే పని నాది. పొద్దస్తమానం మందపాటి రెగ్జిన్‌తో కుస్తీ పట్టీ పట్టీ మాట కూడా మొద్దుబారిపోయింది.

కొండ మీదుగా పట్నానికి ఇంకో దారి ఉంది. దారి అనడం మర్యాద కోసం. ఒకప్పుడు కలప లారీలు తిరిగిన బాట, ఇప్పుడు బండలూ బురదా. మొదటిసారి ఇరుగుపొరుగు మగవాళ్ళు మంచం మీద మోసుకెళ్ళారు. తెల్లవారి బయల్దేరితే పొద్దుగూకింది. మోసినవాళ్ళలో ఒకడికి నడుము పట్టేసింది. ఇంకొకడు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండోసారి అడగడానికి నాకే మొహం చెల్లలేదు. ఆ ట్రిప్పు తప్పిపోయింది.

అంబులెన్సు వాళ్ళు చేతులెత్తేశారు. జీపు అద్దెకిచ్చేవాడి కాళ్ళావేళ్ళా పడ్డాను. అటు వస్తే నా బండి మిగలదన్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "శుక్రవారం కూడా తప్పిందంటే, అమ్మా, ఇక నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు," అంది. ఫోన్ పెట్టేసి బట్టలు ఉతకడానికి కూర్చున్నాను. ఉతికినవే మళ్ళీ ఉతుకుతున్నానని చాలాసేపటి దాకా తెలియలేదు.

మా ఆయన బస్సు కండక్టరు. అంటే, ఒంట్లో బాగున్నప్పుడు. మంచం మీద పడ్డా ఆ పలుకు పోలేదు. కాళ్ళు వాచి దిమ్మల్లా ఉన్నాయి, మొహం ఉబ్బింది, రెండు మాటలకే ఆయాసం. అయినా నేను గదిలోకి వెళితే, "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది," అనేవారు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆయనకి నీళ్ళు కొలిచి పొయ్యాలి. ఉప్పు ముట్టకూడదు. అది చూసి మా అత్తయ్య తిండి మానేసింది. వంతెన కూలిన దగ్గర్నించి కంచం ముందు కూర్చోవడం, రెండు మెతుకులు కెలకడం, లేచిపోవడం. భారీ మనిషి. నడిస్తే నేల అదిరేది. అలాంటిది మెడ కింద చర్మం వేలాడుతోంది.

"నా బిడ్డ గ్లాసుడు నీళ్ళు తాగడానికి లేనప్పుడు నాకు ముద్ద ఎలా దిగుతుందే?" అనేది.

"మీరు కూడా మంచమెక్కితే చాకిరీ ఎవరు చేస్తారు? నాకేమన్నా పది చేతులున్నాయా?" అని కసిరేదాన్ని. ఆవిడకీ నాకూ పెళ్ళయిన నాటి నుంచీ ఉప్పూ నిప్పే. తినమని ప్రేమగా చెప్పడం నాకు రాదు, చెప్పినా ఆవిడ నమ్మదు.

ఇక మిగిలింది మా తమ్ముడు. మెకానిక్కు. వాడి షెడ్డు వెనకాల ఒక పాత బండి ఉంది. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి, ఖర్చు విని, మళ్ళీ మొహం చూపించకుండా పోయారు. పేరుకి ఎస్‌యూవీ. నిజానికి కాస్త ఎత్తుగా కనబడే చిన్న కారు. ఇంజను తిప్పేది ముందు చక్రాల్ని మాత్రమే, వెనకవి ఊరికే వాటి వెంట పోతాయి. అందులో కోళ్ళు కాపురం పెట్టాయి.

"దీన్ని కొండెక్కించగలవా?" అని అడిగాను.

వాడు నీళ్ళు నమిలాడు. "అక్కా, ఇది బజారుకెళ్ళి కూరగాయలు తెచ్చుకునే బండి."

"నేనడిగింది అది కాదురా."

వాడు బండి చుట్టూ తిరిగాడు. తలుపు తీసి ఒక కోడిని బయటికి గెంటాడు. "బావ కోసమేగా. చూద్దాం," అన్నాడు.

మర్నాటి నుంచీ తిండీ నిద్రా లేవు వాడికి. పాత సామాన్ల దుకాణంలో పెద్ద టైర్లు ఏరుకొచ్చాడు. అవి పట్టడానికి చక్రాల పైనున్న రేకు కోసేశాడు. కిందనుంచి ఇంజనుకి రాళ్ళు తగలకుండా ఇనప రేకు కావాలన్నాడు. వంతెన దగ్గర 'నెమ్మదిగా పోవలెను' అని రాసిన బోర్డు ఒకటి ఒడ్డున పడుంటే తెచ్చి దాన్నే బిగించాడు. వాగు దాటేటప్పుడు ఇంజను నీళ్ళు మింగకుండా, స్నానాలగది గొట్టం ఒకటి బానెట్టు లోంచి పైకి లేపాడు. సరుకుల వ్యాను నుంచి ఊడదీసిన స్ప్రింగులు వేసి బండిని ఇంత ఎత్తు లేపాడు. ముందర డ్రైవరు పక్క సీటు పీకేశాం, వెనక సీటు మడిచేశాం. అక్కణ్ణించి వెనక తలుపు దాకా నేను పరుపు కుట్టాను. నా దగ్గరున్న మంచి స్పాంజి అంతా అందులోకే పోయింది.

పని అయ్యాక వాడొక్కడే కొండ మొదట్లో బండల మీద తిప్పి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "రాయి మీంచి దూకించానక్కా. చెక్కుచెదరలేదు!" అన్నాడు. చాలా రోజుల తరవాత నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

గురువారం పొద్దున బయల్దేరాం. బండి ఎంత ఎత్తయిందంటే, ఆయన్ని ఎక్కించడానికి స్టూలు వెయ్యాల్సొచ్చింది. "ఇది బండా, మేడా?" అన్నారాయన. అవే ఆయన నవ్వుతూ అన్న చివరి మాటలవుతాయేమోనని కాసేపటికే భయపడ్డాను.

బండలు మొదలవగానే బండి గుర్రంలా ఎగిరింది. ఆయన శరీరం పరుపు మీంచి లేచి లేచి పడుతోంది. నేను రెండు చేతులా అదిమి పట్టుకున్నా ఆగలేదు. మొదటి మలుపులోనే వాంతి చేసుకున్నారు. రెండో మలుపుకి ముక్కులోంచి రక్తం. కళ్ళు తేలేశారు.

"ఆపరా! ఆపు! మనిషి పోతున్నాడు!" అని అరిచాను.

వెనక్కి తెచ్చేశాం. మంచం మీద పడుకోబెట్టాక చాలాసేపటికి గానీ కళ్ళు తెరవలేదు. తమ్ముడు గడప మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"బండి విరక్కూడదనే చూశానక్కా. అవి సరుకుల స్ప్రింగులు. పైన బరువుంటేనే వంగుతాయి, లేకపోతే ఇనప కడ్డీలే. నాకు తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. బండి గురించే ఆలోచించాను, లోపల పడుకునేది బావని మర్చిపోయాను," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిడదామని నోరు తెరిచాను. నేను మాత్రం చేసిందేమిటి? పరుపు అంచులు ముద్దుగా కుట్టుకుంటూ కూర్చున్నాను. స్ప్రింగులు మార్చడానికి ఇంకో జత లేదు, ఉన్నా టైము లేదు. వెనక ఇసక బస్తాలు వేసి చూశాం. ఏటవాలు రాగానే బస్తాలు జారి పరుపు మీద పడ్డాయి. ఆయన అక్కడుంటే కాళ్ళు నుజ్జయ్యేవి.

"కదలకుండా తనంతట తనే కూర్చునే బరువు కావాలి," అన్నాడు తమ్ముడు.

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న అత్తయ్య, "నన్నెక్కించండి," అంది.

ఇద్దరం తిరిగి చూశాం.

"ఏంట్రా చూస్తావ్? ఇంత బతుకూ బతికి ఇంత ఒళ్ళు పెంచింది ఎందుకూ? వెనక చక్రాల మీద కూర్చుంటాను. బస్తాల్ని నా వీపుతో ఆపుతాను. వాడి తల నా ఒళ్ళో పెట్టండి."

"అత్తయ్యా, ఆ కుదుపులకి మీ నడుం..." అన్నాన్నేను.

"నా నడుం సంగతి నీకెందుకే? నీ మొగుడి సంగతి చూసుకో!" అంది. నేను వెళ్ళి పరుపు వెనక అంచున ఆవిడకి చోటు సర్దాను.

శుక్రవారం తెల్లవారాక మళ్ళీ బయల్దేరాం. అత్తయ్య వెనక, బస్తాలకి వీపు ఆనించి. ఆవిడ ఒళ్ళో ఆయన తల. నేను తమ్ముడి సీటు వెనక ఇరుక్కుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. బండలు వచ్చాయి. స్ప్రింగులు మూలిగాయి, వంగాయి. కుదుపు మొత్తం అత్తయ్యకి తగులుతోంది. ఆవిడ పళ్ళు కరుచుకుని రెండు అరచేతులతో కొడుకు తల పట్టుకుంది. ఒక్క రెండో మలుపు దగ్గర తప్ప ఆయన మాత్రం పరుపు మీద కుదురుగానే ఉన్నారు. వాగు దాటాం. నీళ్ళు తలుపు లోంచి పాదాల మీదికి వచ్చాయి, ఇంజను ఆగలేదు.

చివరి ఎక్కుడు దగ్గర బండి ఆగిపోయింది. అది ఎక్కితే అవతల పట్నమే. ముందు చక్రాలు గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతున్నాయి. బండి అంగుళం కదలదు. తమ్ముడు వెనక్కి వచ్చి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. లోపల కాలిన వాసన వస్తోంది.

"వెనక బరువెక్కువై ముందు తేలిపోతోంది. చక్రాలు పట్టడం లేదక్కా," అన్నాడు.

"అయితే నేను దిగుతాను," అని అత్తయ్య లేవబోయింది.

"మీరు దిగితే ఈ రాళ్ళ మీద బావ బతకడు. కూర్చుంటే బండి ఎక్కదు!"

ఆయన ఊపిరి గురగురలాడుతోంది. దేవుడా, ఇంత దూరం ఎందుకు తెచ్చావయ్యా అని మనసులో తిట్టుకున్నాను. బయటికే తిట్టానేమో కూడా.

తమ్ముడు ఉన్నట్టుండి స్టీరింగు మీద కొట్టాడు. "తిప్పి రివర్సులో ఎక్కిస్తే? అప్పుడు ఇంజను చక్రాలు కింద ఉంటాయి, బరువు వాటి మీదికి వస్తుంది. కానీ వెనక ఏమీ కనబడదు. అద్దాలు రెండూ కొమ్మలకి ఊడిపోయాయి. ఒక పక్క లోయ."

"నేను దిగి చెప్తాను," అన్నాను.

"బురదలో బండి వెనకాల నడుస్తావా? జారితే నీ మీంచే పోతుంది!"

అప్పుడు పరుపు మీంచి మాట వినిపించింది. "నేనున్నాగదరా, బావమరిదీ."

ఎన్నేళ్ళు ఆయన బస్సుని డిపోల్లో, సందుల్లో, లోయల అంచున వెనక్కి రప్పించారో! "అమ్మా, నన్ను కాస్త లేపు," అన్నారు. అత్తయ్య చంకల కింద చేతులేసి లేపి, తన గుండెకి ఆనించుకుని వెనక కిటికీ వైపు తిప్పింది. తమ్ముడు కింద చదునులో బండి తిప్పాడు.

"రానీ," అన్నారాయన. "రానీ... రానీ... కుడికి కొట్టు. చాలు. రానీ."

బండి ఎక్కుతోంది. ఆ గొంతు ఒక్కో మాటకీ సన్నబడుతోంది. ఆయన గొణిగింది విని అత్తయ్య గట్టిగా అరిచి చెప్పడం మొదలెట్టింది. "ఎడమకట! ఇంకొంచెం! రానీ, రానీ అంటున్నాడు!" నేను ఆయన చెయ్యి వదల్లేదు. చల్లగా ఉంది. ఒకచోట మాట పూర్తిగా ఆగిపోయింది. అత్తయ్య నా వంక చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఏమండీ!" అని కేక పెట్టాను.

"హోల్డాన్," అన్నారాయన, బస్సు ఆపించేటప్పటి గొంతుతో. "పైకొచ్చేశాం. అమ్మా, టికెట్ తీసుకున్నావా?"

అత్తయ్య ఆయన నెత్తి మీద మొహం పెట్టి బావురుమంది.

ఆసుపత్రిలో నర్సు కేకలేసింది, ఇంత ఆలస్యంగానా తెచ్చేది అని. నేను తిరిగి కేకలెయ్యలేదు. గొట్టాలు పెట్టారు, మిషన్ తిరిగింది, ఆయన మొహంలోకి కాస్త మనిషి రంగు వచ్చింది. నర్సు బయటికి వచ్చి, "గండం గడిచినట్టే. కానీ ఒకటి తప్పింది కాబట్టి సోమవారమే తీసుకురండి. ఇక మీదట ఒక్కటి కూడా తప్పకూడదు," అని వెళ్ళిపోయింది.

సోమవారం. అదే కొండ, అదే వాగు, అదే ఎక్కుడు. ఆ పైన గురువారం. వానలు తగ్గేదాకా, వంతెన కట్టేదాకా. బల్ల మీద కూలబడ్డాను. తమ్ముడు బయట బండి కింద దూరి, ఎక్కడెక్కడ విరిగిందో వెతుకుతున్నాడు.

అత్తయ్య నా పక్కన కూర్చుంది. వీపంతా బస్తాలకి గీరుకుపోయి చీర మీద రక్తం మరకలున్నాయి. ఆవిడ క్యాంటీన్‌లోంచి ఒక కాగితం పొట్లం తెచ్చుకుంది. రొట్టె.

"మీ తమ్ముణ్ణి అడిగాను," అంది. "ఇవాళ ఆ రెండో మలుపు దగ్గర నా బిడ్డకి బాగా కుదుపు తగిలిందే. బరువు సరిపోలేదట. నేను ఒళ్ళు తగ్గానటగా."

రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగుడు పడక కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆగకుండా ఇంకో ముక్క తుంచింది.

నా డబ్బాలో ఉన్న అన్నం తీసి ఆవిడ ముందు పెట్టాను. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను.

"పెట్టవే," అంది అత్తయ్య, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "ఇంకొంచెం పెట్టు."